అనుమానం... అభిమానం కాదు!

‘ఎక్కడున్నావ్? పక్కన ఎవరు? ఫొటో పెట్టు...’

యూనివర్సిటీ హాస్టల్లో ఉన్న అమ్మాయికి రోజుకు పదిసార్లు ఇలా మెసేజ్ వస్తే మొదట్లో మురిసిపోతుంది. నేనంటే ఎంత ప్రాణమో అనుకుంటుంది. కొన్నాళ్లకు ఫోన్ పాస్‌వర్డ్ అడుగుతాడు. ఆ డ్రెస్ వద్దంటాడు. క్లాస్‌మేట్‌ని నోట్సు అడిగినా అలుగుతాడు. ఓ సాయంత్రం చెంప ఛెళ్లుమంటుంది. మర్నాడు కన్నీళ్లు, క్షమాపణలు! ఆమె కరిగిపోతుంది. మళ్లీ అదే కథ.

వదిలేయొచ్చుగా అంటాం మనం. అంత తేలికా? కాదంటే చచ్చిపోతానంటాడు. ఫొటోలు అందరికీ పంపిస్తానంటాడు. అంతకు మించిన భయం ఇంకోటుంది... ఇల్లు! ‘చదువుకోమని పంపిస్తే ఇదా నువ్వు చేసింది?’ అని చదువు మాన్పించి, సంబంధాలు చూసేస్తారేమోనని నోరు విప్పదు. ఆ మౌనమే అతనికి బలం.

చట్టం తోడుంది

వద్దన్నా వెంటపడటం, ఆన్‌లైన్‌లో నిఘా వేయడం 2013 నుంచీ నేరమే. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద తొలిసారి నేరానికి మూడేళ్ల దాకా జైలు. ఏకాంతంలోని ఫొటో తీయడానికి ఆమే ఒప్పుకున్నా సరే, ఆమెకు ఇష్టం లేకుండా ఇతరులకు పంపితే 77వ సెక్షన్ వర్తిస్తుంది. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం ప్రతి యూనివర్సిటీలో, కాలేజీలో లైంగిక వేధింపులపై అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. సంఘటన జరిగిన మూడు నెలల్లోగా అక్కడ ఫిర్యాదు చేయొచ్చు.

ఇవి గుర్తుంచుకోండి

* మెసేజ్‌లు చెరిపేయొద్దు. అవే సాక్ష్యాలు.

* ‘చివరిసారి ఒక్కసారి కలువు’ అంటే ఒంటరిగా వెళ్లొద్దు.

* రూమ్మేట్‌కో, నమ్మకమున్న మేడమ్‌కో విషయం చెప్పి ఉంచండి.

* ఆపదలో 112కి, సలహా, సాయం కోసం మహిళా హెల్ప్‌లైన్ 181కి, ఆన్‌లైన్ వేధింపులైతే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అమ్మలకో మాట. సెలవులకొచ్చిన అమ్మాయి ఫోన్ మోగగానే ఉలిక్కిపడుతోందా? ఎండాకాలంలోనూ పొడుగు చేతుల చుడీదార్ వేస్తోందా? నిలదీయకండి. పక్కన కూర్చోండి. ‘ఏం జరిగినా నీ చదువు ఆగదు’ అని చెప్పండి. ఆ ఒక్క భరోసా ఉంటే మిగతాదంతా ఆమే చెబుతుంది.