కుమారప్పగారి లెక్కలో మన కైలీ

రాయవేలూరు, గుడియాత్తం ప్రాంతాలలో మగ్గం నమ్ముకొని బ్రతుకు మన సోదరీ సోదరులకు అర్థశాస్త్రమనగానే అది కాలేజీ చదువులవారి సొత్తు అనే భావం కలదు. కాని 1892లో తంజావూరులో జన్మించిన జె. సి. కుమారప్పగారు వేసిన ప్రశ్న మన పడుగు పేకలకు చెందినదే. వస్తువు ఎంతకు అమ్ముడుపోయినదని గాక, దానిని తయారు చేయుటలో ఎవరు ఏమి తీసుకొన్నారు, ఎవరు ఏమి తిరిగి ఇచ్చినారు అని వారు అడిగినారు.

వారు మొదట లండనులో జమాఖర్చుల విద్య నేర్చినవారు. తరువాత అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయమందు చదివి, బ్రిటిషువారి పన్నుల విధానం మన దారిద్ర్యానికి ఎట్లు కారణమైనదో ఒక వ్యాసం వ్రాసినారు. 1929లో గాంధీగారిని కలిసిన పిమ్మట ఆ వ్యాసం 'యంగ్ ఇండియా'లో వెలువడినది. 1934లో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ఏర్పడగా వార్ధాలో దాని భారం వహించినారు. 'ఎకానమీ ఆఫ్ పర్మనెన్స్' అను గ్రంథం జబల్పూరు జైలులో వ్రాసినది. 1945లో గాంధీగారు దానికి పీఠిక వ్రాసినారు.

అందులోని పోలికలు చదువురానివారికి సైతం బోధపడును. పులి చంపి తినును. కోతి మామిడితోటలో పండు తిని పోవును గాని చెట్టుకు నీరు పోయదు. తేనెటీగ తేనె తీసుకొనుచునే పుప్పొడి మోసి పూవుకు మేలు చేయును. పట్టులోని ఈగలన్నీ పట్టు కొరకు పాటుపడును. తల్లి ప్రతిఫలమే చూడదు.

ఇక మన కైలీని ఈ త్రాసులో పెట్టి చూడండి. నూలు అప్పు ఇచ్చి, బట్టకు తన ఇష్టమైన ధర కట్టి, బేరం మందగించిన నెలలో ముఖం చాటువేయు వర్తకుడు ఏ జాతికి చెందునో చెప్పనక్కరలేదు. మందపు రోజులలోను పడుగు ఇచ్చి మగ్గం ఆగకుండ చూచు ఆసామిని తేనెటీగతో పోల్చవచ్చును. అట్టివారు మన ఊళ్లలో లేకపోలేదు. సహకార సంఘం తేనెపట్టు కావలసినదే. కాని మగ్గమే లేనివారు సభ్యులైన సంఘాన్ని ఏ పురుగుతో పోల్చవలెనో కుమారప్పగారు వ్రాయలేదు!

నూలు విషయంలో మాత్రం మనకు చిక్కు ఉన్నది. ఖద్దరువారు చేతి నూలు కోరినారు. మన మగ్గాలు మిల్లు నూలుపై నిలిచినవి. నిడుబ్రోలువారైన ఆచార్య ఎన్. జి. రంగాగారు 1930లోనే చేనేత ఆర్థిక స్థితిపై ఇంగ్లీషులో గ్రంథం ప్రకటించినారు. కుమారప్పగారి అధ్యక్షతన 1949లో నివేదిక సమర్పించిన కాంగ్రెసు వ్యవసాయ సంస్కరణల సంఘంలో వారూ సభ్యులే. మగ్గం ఇంట ఉండి తాళంచెవి మిల్లులో ఉన్నచో ఆ వృత్తి స్వతంత్రమైనది కాదను వాదం కొట్టిపారవేయదగినది కాదు. మిల్లులు చిలపల రూపంలో ఇవ్వవలసిన నూలు వాటాను 2019లో 40 నుండి 30 శాతానికి తగ్గించినారు. 1985 చట్టం లుంగీని చేనేతకు కేటాయించినది సరే, నూలు లేని కేటాయింపు ఏమి చేసుకొనేది?

కుమారప్పగారు 1960 జనవరి 30న మద్రాసులో కాలధర్మం చెందినారు. వారి మాటను పైదేశాలకు చేర్చినవారు షూమేకర్. జర్మనీలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన ఈ ఆర్థికవేత్త 1955లో బర్మాకు సలహాదారుగా వెళ్లినారు. తరువాత వ్రాసిన 'బౌద్ధ అర్థశాస్త్రం' అను వ్యాసంలో, పని మనిషిని ఎట్లు తీర్చిదిద్దునో చెప్పుటకు కుమారప్పగారి మాటలనే ఉదహరించినారు. 1973లో వచ్చిన 'స్మాల్ ఈజ్ బ్యూటిఫుల్' గ్రంథంలో అది చేరి వేలాది పాఠకుల చేతికి వెళ్లినది. అదే వ్యాసంలో సింహళానికి చెందిన ఆనంద కుమారస్వామిగారి మాట కూడ ఉన్నది (పేర్లు దగ్గరైనా మనుషులు వేరు). తివాచీ మగ్గం నేతగాని వ్రేళ్లకు తోడ్పడు పనిముట్టు. మరమగ్గం మనిషి చేయవలసిన పనినే లాగుకొను యంత్రమని దాని సారాంశం. పరదేశపు పాఠకులకు మగ్గం ఈ విధంగా పరిచయమైనది.

మన సంఘ సభ్యులకు ఒక మనవి. రాబోవు సర్వసభ్య సమావేశానికి ఒక్కొక్కరు ఒక కైలీ లెక్క వ్రాసి తెండు. నూలు, రంగు, నేతకూలి, అమ్మకపు ధర వ్రాయుట అలవాటే. ఆసు పోసిన ఇల్లాలికి, కండెలు చుట్టిన ముసలి అవ్వకు కూడ ఒక గడి గీయండి. ఆ గడిలో ఇంతవరకు మనం సున్న వేయుచున్నాము.