నలభై దాటినంత మాత్రాన దారి మూసుకుపోదు

పదిహేనేండ్లు ఒకే రింగ్‌ఫ్రేమ్ దగ్గర నిలబడినోళ్లకు ఒకరోజు అనిపిస్తుంది: ఇంతేనా బతుకు? జీతం పెరిగింది తక్కువ, మోకాళ్ల నొప్పి పెరిగింది ఎక్కువ. పిల్లలు కాలేజీకొచ్చినారు. మిల్లు వదలాలంటే భయం, వదలకుంటే విసుగు. మన కాలనీల్లో నలభై దాటిన అన్నలు, అక్కలు చాలామంది లోలోపల నలిగేది ఈ మాటతోనే. బయటికి చెప్పుకోరు, అంతే.

బళ్లారికి ఇట్లాంటి కాలం కొత్త కాదు. 2011 జూలై 29న సుప్రీంకోర్టు ఈ జిల్లాలో ఇనుప గనుల తవ్వకం ఆపించింది. సండూరు, హొసపేటె దారుల్లో లారీల వరసలు ఆగినాయి. డ్రైవర్లు, క్లీనర్లు, మెకానిక్కులు, దారిపక్క హోటళ్లోళ్లు అందరికీ దెబ్బే. షరతుల మీద కొన్ని గనులు తెరిచేదాకా ఎవరికి తోచిన పని వాళ్లు వెతుక్కోవాల్సి వచ్చింది.

వయసు మాటకొస్తే బళ్లారి రాఘవగారిని తలచుకోవాల. 1880లో పుట్టినారు. వకీలు పని చేస్తూనే నాటకాల్లో పేరు తెచ్చుకున్నారు. 1936లో 'ద్రౌపదీ మానసంరక్షణం'తో సినిమాకు పోయినప్పుడు ఆయనకు 56 ఏండ్లు. 1939లో 'రైతుబిడ్డ'లో రైతు వేషం కట్టినారు. 'ఆయన వకీలు, చేతిలో డబ్బుంది' అంటారా? నిజమే. మనం తెగించి దూకలేం, లెక్క చూసుకొనే అడుగు వేయాల.

మొదటి లెక్క చేతిలో ఉన్న పని. మన ఊరి జీన్స్ పనిలో కటింగ్, కుట్టు, వాషింగ్, గుండీలు వేటికవే. ఒకటి తెలిసినోళ్లకు పక్కది నేర్చుకోవడం సులువు. మిల్లులోనూ అంతే. మిషను శబ్దం విని లోపం పట్టేవాళ్లు ఫిట్టరు పనికి ఆమడ దూరంలో లేరు.

రెండోది డబ్బు లెక్క. అయిదేండ్లు నిండితే గ్రాట్యుటీ హక్కు. చివరి నెల బేసిక్, డీఏ కలిపి 13,000 అనుకోండి. దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాదికి 7,500. పదిహేనేండ్లకు 1,12,500. పని మారితే పీఎఫ్ తీసేసుకోకండి, అదే యూఏఎన్ మీద కొత్త చోటికి మార్పించుకోండి. పింఛను పథకంలో పదేండ్ల సర్వీసు నిండితే 58 ఏండ్లప్పుడు నెలనెలా పింఛను వస్తుంది.

మూడోది చదువు. పదో తరగతి ఆగిపోయినోళ్లు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా కట్టవచ్చు. పై వయసు పరిమితి లేదు, తెలుగులోనూ రాయవచ్చు.

మిల్లు రేపే వదలమని కాదు. వారపు సెలవు రోజు రెండు గంటలు పక్కపని నేర్చుకోండి. పాత పనిలో ఉంటూనే కొత్తది ఆరు నెలలు చేసి చూడండి. ముందుగా ఇంట్లో కూర్చోబెట్టి ఆలికో మగనికో మనసులో మాట చెప్పండి. సగం భయం అక్కడే దిగుతుంది.