కొండ దిగే సైకిలుకు బ్రేకులెందుకు కాలుతాయి?

కొండ ఎక్కడం కష్టం, దిగడం సులువు అని మనం అనుకుంటాం. కాళ్ళ వరకు అది నిజమే. సైకిలు బ్రేకుల సంగతి వేరు. ఎక్కేటప్పుడు వాటికి పనే ఉండదు. దిగేటప్పుడు మాత్రం, మనం ఎక్కడానికి పడిన శ్రమంతా వాటి నెత్తిన పడుతుంది. నిటారు బాటలో చాలాసేపు బ్రేకు పట్టుకుని దిగిన సైకిలును ఆపి, బ్రేకు పళ్ళెం మీద వేలు పెడితే బొబ్బ లేస్తుంది. ఈ వేడి ఎక్కడి నుంచి వస్తుంది? ఎంత వస్తుంది? మితిమీరితే ఏమవుతుంది? ఈ మూడు ప్రశ్నలకూ జవాబులు మీ భౌతికశాస్త్ర పుస్తకంలోనే ఉన్నాయి.

గ్రీజు పేరు పెట్టిన బాట

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి ఉత్తరాన, మారిన్ కౌంటీ అనే కొండల ప్రాంతం ఉంది. 1970లలో అక్కడి యువకులు కొందరు పాత సైకిళ్ళను బాగుచేసుకుని మట్టి బాటల మీద కొండ దిగే ఆట మొదలుపెట్టారు. అవి ముప్పై, నలభై ఏళ్ళ నాటి లావు టైర్ల సైకిళ్ళు. వాటిలో చాలావాటికి వెనుక చక్రానికే బ్రేకు ఉండేది. పెడలును వెనక్కి తొక్కితే చక్రం హబ్బు లోపల లోహపు ముక్కలు ఒరుసుకుని చక్రాన్ని ఆపేవి.

వారికి ఇష్టమైన బాట ఒకటి ఉంది. సుమారు రెండు మైళ్ళ దూరంలో 1300 అడుగులు దిగుతుంది. ఆ బాట కిందికి చేరేసరికి హబ్బు ఎంత వేడెక్కేదంటే, లోపలి గ్రీజు పొగై పోయేది. మళ్ళీ దిగాలంటే హబ్బు విప్పి కొత్త గ్రీజు కూరుకోవలసిందే. ఇంగ్లీషులో 'మళ్ళీ కూరడం' అనే అర్థంలో ఆ బాటకు 'రీప్యాక్' అనే పేరు స్థిరపడింది. 1976 అక్టోబరు 21న అక్కడ మొదటి పోటీ జరిగింది. ఆ పోటీల్లో పాల్గొన్న జో బ్రీజ్ 1977లో కొండ బాటల కోసమే ప్రత్యేకంగా సైకిలు తయారుచేశాడు. నేటి 'మౌంటెన్ బైక్' చరిత్రలో ఈ బాటకు పెద్ద స్థానమే ఉంది.

జౌల్ బరువూ, మన సైకిలూ

1840లలో ఇంగ్లండు శాస్త్రవేత్త జేమ్స్ జౌల్ చేసిన ప్రయోగం మీకు తెలిసే ఉంటుంది. బరువులు కిందికి దిగుతూ నీటిలోని తెడ్లను తిప్పాయి. నీరు కాస్త వేడెక్కింది. బరువు కోల్పోయిన స్థితిజ శక్తి ఎక్కడికీ మాయం కాలేదు, ఉష్ణంగా మారింది. కొండ దిగే సైకిలు కూడా జౌల్ బరువు వంటిదే. తెడ్ల స్థానంలో బ్రేకులున్నాయి, అంతే తేడా.

ఇప్పుడు లెక్క వేద్దాం. మనిషి 60 కిలోలు, సైకిలు 20 కిలోలు. మొత్తం 80 కిలోలు. 1300 అడుగులంటే సుమారు 400 మీటర్లు. గురుత్వ త్వరణం 9.8.

80 × 9.8 × 400 = 3,13,600 జౌల్లు.

ఇది ఎంత వేడి? ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి సుమారు 4,200 జౌల్లు కావాలి. కనుక ఈ శక్తితో ఒక లీటరు నీటిని 25 డిగ్రీల నుంచి దాదాపు 100 డిగ్రీలకు, అంటే మరిగే దాకా తీసుకుపోవచ్చు! కొండ దిగడానికి 5 నిమిషాలు, అనగా 300 సెకన్లు పట్టిందనుకోండి. సెకనుకు 1,045 జౌల్లు వస్తుంది. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెను ఆ అయిదు నిమిషాలూ ఆపకుండా వేసి ఉంచినట్లన్నమాట.

ఈ శక్తి అంతా బ్రేకులకే పోదు. ఎదురుగాలి కొంత, నేల రాపిడి కొంత తీసుకుంటాయి. సగం వాటికి పోయిందనుకుందాం. మిగిలినది 1,56,800 జౌల్లు. దాన్ని ముందు, వెనుక బ్రేకులు సమానంగా పంచుకుంటే ఒక్కొక్కదానికి 78,400 జౌల్లు.

నేటి కొండ సైకిళ్ళకు చక్రం మధ్యలో పలుచని ఉక్కు పళ్ళెం ఉంటుంది. రెండు బిళ్ళలు దాన్ని ఇరువైపులా నొక్కి పట్టి ఆపుతాయి. పళ్ళెం బరువు 150 గ్రాములనుకుందాం. గ్రాము ఉక్కును ఒక డిగ్రీ వేడిచేయడానికి సుమారు అర జౌలు చాలు. కనుక పళ్ళెం మొత్తానికి డిగ్రీకి 75 జౌల్లు. 78,400ను 75తో భాగిస్తే 1,045 డిగ్రీలు! ఆ వేడికి ఉక్కు ఎర్రగా నిప్పులా మండాలి.

నిజానికి అలా జరగదు. ఎందుకు? పళ్ళెం వేడెక్కుతూనే చల్లబడుతూ కూడా ఉంటుంది. తాకిన గాలి వేడిని మోసుకుపోతుంది. కొంత వికిరణం ద్వారా పోతుంది. వేడి వచ్చే వేగమెంత, పోయే వేగమెంత అన్నదే అసలు విషయం. రాక ఎక్కువై పోక తక్కువైతే పళ్ళెం ఉష్ణోగ్రత పెరుగుతూ పోతుంది. 300 డిగ్రీల ప్రాంతానికి చేరితే ఉక్కు మీద నీలి రంగు తేలుతుంది. వాడిన పళ్ళెం మీద అటువంటి నీలి మచ్చలు కనిపిస్తే అది బాగా కాలిందని గుర్తు.

మూడు ప్రమాదాలు

మొదటిది బిళ్ళలు పట్టు తప్పడం. బ్రేకు బిళ్ళల్లో రకరకాల పొడులను జిగురువంటి రెసిన్‌తో బిగించి ఉంచుతారు. వేడి హద్దు మీరితే ఆ రెసిన్ చెడి వాయువులు వెలువడతాయి. బిళ్ళకూ పళ్ళేనికీ మధ్య ఘర్షణ తగ్గుతుంది. పిడిని ఎంత గట్టిగా నొక్కినా సైకిలు నెమ్మదించదు.

రెండవది ఇంకా మోసకారి. చాలా కొండ సైకిళ్ళలో పిడి నుంచి బ్రేకు వరకు తీగ ఉండదు, గొట్టం నిండా ద్రవం ఉంటుంది. పిడి నొక్కితే ఆ ఒత్తిడి పాస్కల్ నియమం ప్రకారం బిళ్ళల దాకా పోతుంది. ద్రవాన్ని నొక్కి కుదించలేం కాబట్టే ఈ ఏర్పాటు పనిచేస్తుంది. బ్రేకు వేడికి ద్రవం మరిగితే? గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి సులువుగా కుదించుకుపోతుంది. పిడి మెత్తగా హ్యాండిలు దాకా వచ్చేస్తుంది, బిళ్ళలు మాత్రం కదలవు.

ఇది మీరే చూడవచ్చు. సూది లేని సిరంజిలోకి గాలి లేకుండా నీరు ఎక్కించి, మూతిని వేలితో గట్టిగా మూసి, వెనుక నుంచి నొక్కండి. కదలదు. ఇప్పుడు కొంచెం గాలి కూడా లోపలికి పీల్చి మళ్ళీ నొక్కండి. తేడా మీ బొటనవేలికే తెలుస్తుంది.

'డాట్ 4' రకం బ్రేకు ద్రవం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల లోపు మరగకూడదని నియమం. కాని ఈ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. సుమారు 3.7 శాతం నీరు చేరినప్పుడు కనీస హద్దు 155 డిగ్రీలే. అందుకే పాత ద్రవాన్ని నిర్ణీత కాలానికి తప్పక మార్చాలి. కొన్ని బ్రేకుల్లో ఖనిజ తైలం వాడతారు. అది నీటిని పీల్చుకోదు. ఒక రకం పోయవలసిన చోట మరొకటి పోస్తే లోపలి రబ్బరు భాగాలు పాడవుతాయి.

మూడవ ప్రమాదం మీ బడి సైకిలు వంటి వాటికి. ఇక్కడ బ్రేకు రబ్బర్లు రిమ్మునే ఒరుసుకుంటాయి. వేడి నేరుగా రిమ్ముకూ, దాని నుంచి ట్యూబులోని గాలికీ చేరుతుంది. 30 డిగ్రీల గాలి 90 డిగ్రీలకు వేడెక్కిందనుకోండి. పరమ ఉష్ణోగ్రతలో 303 కాస్తా 363 అయింది. ఘనపరిమాణం మారకపోతే పీడనం అయిదో వంతు పెరుగుతుంది. పాతబడిన టైరు ఆ ఒత్తిడికి తట్టుకోలేక పగలవచ్చు.

గేరు మార్చితే సరిపోదా?

తిరుమల కొండ దారిలో బస్సులు దిగేటప్పుడు ఇంజను మూలుగు వినే ఉంటారు. డ్రైవరు తక్కువ గేరులో దిగుతాడు. చక్రాలే ఇంజనును తిప్పవలసి వస్తుంది కనుక శక్తిలో చాలా భాగం ఇంజనులో ఖర్చయి, బ్రేకులకు విశ్రాంతి దొరుకుతుంది. ఇంజను ఆపి, న్యూట్రల్‌లో ఘాట్ దిగకూడదనేది ఇందుకే.

మరి సైకిలుకూ గేర్లున్నాయి కదా అని మీరు అడగవచ్చు. సైకిలుకు ఫ్రీవీలు ఉంది. పెడలు తొక్కకపోయినా చక్రం తిరుగుతూనే ఉంటుంది, చక్రం తిరిగినా పెడలు తిరగదు. కనుక ఏ గేరులో ఉన్నా దిగేటప్పుడు ఒరిగేదేమీ లేదు. భారమంతా బ్రేకులదే.

ఏం చేయాలి?

బ్రేకును కొండ పొడవునా కొద్దికొద్దిగా పట్టుకునే ఉండవద్దు. మలుపుకు ముందు గట్టిగా పట్టి వేగం బాగా తగ్గించండి, తరువాత కాసేపు వదలండి, మళ్ళీ పట్టండి. మొత్తం శక్తి మారదు, కాని పంపకం మారుతుంది. వేగం రెండింతలైతే గాలి నిరోధం సుమారు నాలుగింతలవుతుంది; వదిలిన కాసేపట్లో గాలి తన వాటా ఎక్కువ తీసుకుంటుంది. బిళ్ళలు దూరంగా ఉన్నప్పుడు పళ్ళెం రెండు వైపులా గాలి తగిలి చల్లబడుతుంది. అయితే వేగం ఎప్పుడూ మీ అదుపు దాటకూడదు.

ముందు, వెనుక బ్రేకులు రెండూ వాడండి. ఒక్కదానితోనే దిగితే మొత్తం వేడి దాని మీదే పడుతుంది.

పిడి మెత్తబడినట్లు అనిపించినా, కాలిన వాసన వచ్చినా వెంటనే ఆగండి. బ్రేకు దానంతట అది చల్లారే దాకా కూర్చోండి. తొందరపడి చన్నీళ్ళు పోయవద్దు. ఒక్కసారిగా ముడుచుకున్న లోహం వంకర పోవచ్చు, పైగా ఆవిరి చేతిని కాలుస్తుంది. వేలితో తాకి చూడనూ వద్దు.

తయారీదారులూ ఇదే లెక్క చూస్తారు. పొడవైన కొండలకు 160 మిల్లీమీటర్ల పళ్ళెం బదులు 203 మిల్లీమీటర్లది బిగిస్తారు. లోహం ఎక్కువ కనుక నెమ్మదిగా వేడెక్కుతుంది, వైశాల్యం ఎక్కువ కనుక త్వరగా చల్లారుతుంది. కొన్ని పళ్ళేలలో ఉక్కు పొరల మధ్య అల్యూమినియం ఉంటుంది. అది ఉక్కు కంటే ఎన్నో రెట్లు బాగా వేడిని చేరవేస్తుంది.

లెక్క చేసి చూడండి

మీ బరువుకు మీ సైకిలు బరువు కలపండి. మీ ఊరి దగ్గర కొండో, పెద్ద దిగుడో ఉంటే దాని ఎత్తు కనుక్కోండి. పై నుంచి కిందికి ఎన్ని జౌల్లు? ఆ వేడితో ఒక గ్లాసు నీరు, అంటే 200 గ్రాములు, ఎన్ని డిగ్రీలు వేడెక్కుతుంది? జవాబు వచ్చాక, వెనుక సీటు మీద మీ స్నేహితుణ్ణి కూర్చోబెట్టుకుంటే ఆ అంకె ఎంతవుతుందో కూడా లెక్కకట్టండి. నిటారు దిగుడులో ఇద్దరెక్కి దిగకూడదని పెద్దలు ఎందుకంటారో ఆ అంకె చెబుతుంది.