టేపు పట్టుకునేదెవరు?

అనంతపురం జిల్లా యాడికిలో ఏ ఇంటికి పోయినా బండ మీద కాలు పెట్టాల్సిందే. అరుగు బండే, జాలాడి బండే, పాత ఇళ్లకైతే పైకప్పూ బండే. ఒకప్పుడు ఇక్కడున్న సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద గట్టిపడి ఆ రాయైంది. పక్కనున్న తాడిపత్రి పేరుతో భూగర్భ శాస్త్రంలో ఒక శిలాశ్రేణే ఉంది. దాని వయసు సుమారు 190 కోట్ల ఏళ్లు. కంటికి కనిపించని జీవులు పొరలు పొరలుగా కట్టిన స్ట్రొమటొలైట్లు అందులో ఉన్నాయి. భూమ్మీద తొలినాటి బతుకు వదిలిపోయిన ఆనవాళ్లివి. వీటి మీద దేశవిదేశాల్లో పరిశోధన పత్రాలు వచ్చాయి. గనిలో బండ కొట్టే మనిషి కూతురు తాడిపత్రిలో బీఎస్సీ చదువుతూ ఉండొచ్చు. ఆ పత్రాలు తన చుట్టుపక్కల రాళ్ల గురించేనని ఆమెకు చెప్పేదెవరు?

బెలుం గుహల కథ ఇంకా దగ్గరిది. కొలిమిగుండ్ల దగ్గరున్న ఆ గుహల సంగతి 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాసి పెట్టాడు. తర్వాత వందేళ్లపాటు పట్టించుకున్నవాళ్లు తక్కువ. చుట్టుపక్కల వాళ్లు అందులో చెత్త పోసేవాళ్లు. 1982 నుంచి 1984 దాకా డేనియల్ గెబావర్ అనే జర్మన్ తన బృందంతో వచ్చి, లోపలికి దిగి, మూల మూలా కొలిచాడు. ఆ గుహల పొడవు 3,229 మీటర్లని ఇప్పుడు పర్యాటకులకు చెబుతున్నారు. ఊరివాళ్లను తప్పుపట్టి లాభం లేదు. కొలిచేవాడికే అది గుహ, మిగిలినవాళ్లకు గుంత. యాడికి మండలంలో కోన ఉప్పలపాడు దగ్గరా గుహలున్నాయి. వాటిలో టేపు పట్టుకునేది మళ్లీ బయటివాళ్లేనా అన్నదే నన్ను తొలిచే ప్రశ్న.

ఇక్కడి డిగ్రీ పిల్లలు ఏ ఇళ్ల నుంచి వస్తారో చూడండి. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చునే నాన్న, సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలికి పోయే అన్న, వానను నమ్మి శనక్కాయ వేసి అప్పు తెచ్చుకున్న అమ్మ. ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన తొలి మనుషులు వీళ్లే. బీఎస్సీ తర్వాత ఏమంటే డీఎస్సీ, కానిస్టేబుల్, గ్రూప్స్, బ్యాంకు అంటారు. అవన్నీ కంటికి కనిపించే కొలువులు, ఆ వీధిలోనే ఎవరో ఒకరు చేస్తున్నవి. పరిశోధన అన్న మాట తేగానే ఇంట్లో వచ్చే ప్రశ్న ఒకటే: ‘ఇంగ ఎన్నాళ్లు చదువుతావు నాయనా?’

ఆ చదువుకు నెలనెలా డబ్బిస్తారని ఆ ఇంట్లో చెప్పినవాళ్లు లేరు. జాతీయ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్ అనే పరిశోధక ఫెలోషిప్ తెచ్చుకుంటే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. ఈ ఒక్క అంకె మగ్గం ఇంట్లో వినిపిస్తే సగం వాదన అక్కడే తెగిపోతుంది.

డిగ్రీలో ఉండగానే పట్టుకోదగ్గ మెట్లూ ఉన్నాయి. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఏటా వేసవి ఫెలోషిప్పులిస్తాయి. రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని, దానికి భత్యం, రైలు ఖర్చు. ముంబయిలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం 2004 నుంచి డిగ్రీ విద్యార్థుల కోసమే ఒక కార్యక్రమం నడుపుతోంది. ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 80,000 రూపాయలు వస్తాయి. అయితే అది ముఖ్యంగా ఇంటర్ బోర్డులో పైనున్న 1 శాతానికి. మన రాష్ట్రంలో ఆ 1 శాతం ఏ కార్పొరేట్ కాలేజీల నుంచి వస్తుందో వేరే చెప్పాలా?

వేసవి ఫెలోషిప్పులో అడ్డం పడేవి మార్కులొక్కటే కావు. దరఖాస్తు గడువు తరచూ దసరా, దీపావళి రోజుల్లో వస్తుంది. ఇక్కడ అది శనక్కాయ పీకే కాలం. కళ్లంలో చెట్లు కొట్టుకుంటూ ఉన్న పిల్లకు ప్రకటన ఎవరు పంపుతారు? పంపినా, ఎందుకు చేరాలనుకుంటున్నావో ఇంగ్లీషులో రాయాలి, తనను ఎరిగిన అధ్యాపకుడి ఉత్తరం జత చేయాలి. వంద మంది ఉన్న క్లాసులో హాజరు తప్ప వేరే పరిచయం లేని అధ్యాపకుడు ఆ ఉత్తరంలో ఏం రాస్తాడు? క్రమశిక్షణ గల విద్యార్థిని అని రాస్తాడు. ఆ మాట చదివి ఏ ప్రయోగశాలా తలుపు తీయదు.

నా మట్టుకు దారి మన చేతిలోనే ఉంది. 2020-21లో ఆంధ్రప్రదేశ్ డిగ్రీకి కొత్త పాఠ్యప్రణాళిక తెచ్చి, మొదటి ఏడాది కాగానే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును తప్పనిసరి చేసింది. 180 గంటలు, తన ఊళ్లోనే. అది జిరాక్స్ షాపులో ఎలా బైండింగ్ అవుతుందో డిగ్రీ పిల్లలున్న ఇళ్లకు నేను చెప్పనక్కర్లేదు. అవే 180 గంటల్లో ఊళ్లోని ఇరవై బోర్లలో నీటి మట్టం వారం వారం కొలిచి రాస్తే? ఎండాకాలంలోనూ వానల తర్వాతా ఆ నీళ్లలో ఫ్లోరైడు చూస్తే? కదిరి పరిశోధన స్థానం తయారుచేసిన కె-6 శనక్కాయ రకం, దాని తర్వాత వచ్చిన కదిరి లేపాక్షి పక్కపక్క చేలల్లో ఉంటే, వాన ముఖం చాటేసినప్పుడు ఏ చెట్టుకు ఎన్ని కాయలు నిలిచాయో లెక్కపెడితే? అలాంటి నోటుబుక్కు చేతిలో ఉన్న అమ్మాయికి ఎందుకు చేరాలనుకుంటున్నావు అన్న ప్రశ్న కష్టం కాదు. అధ్యాపకుడికీ ఉత్తరంలో రాయడానికి సరుకు దొరుకుతుంది.

ఒంటరిగా కాక గుంపుగా నడిస్తే ఈ దారి ఇంకా తేలిక. అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయపు బాల్టిమోర్ కౌంటీ శాఖలో 1988లో మొదలైన మయర్‌హాఫ్ కార్యక్రమం నల్లజాతి విద్యార్థులను సైన్సు పరిశోధన వైపు నడిపించడానికే పుట్టింది. మోడెర్నా కోవిడ్ టీకా వెనుక పనిచేసిన కిజ్మేకియా కార్బెట్ అక్కడ చదివినామే. తరగతులు మొదలయ్యే ముందు వేసవిలోనే పిల్లలను ఒకచోట ఉంచి, ఒకరికొకరు చెప్పుకుంటూ గుంపుగా చదివిస్తారు. పక్కవాడికి నోట్సు ఇస్తే ర్యాంకు పోతుందని నేర్పే మన కోచింగులకు ఇది మింగుడుపడదు.

గుంపు ఉంటే ఇంకో లాభముంది. ‘రెండు నెల్లు ఆడ ఒక్కదానివే ఎట్లుంటావమ్మీ?’ అనే తల్లికి జవాబు దొరుకుతుంది. ఇద్దరు కలిసి పోతారు, పోయిన ఏడు పోయొచ్చిన అక్క ఫోనులో ఉంటుంది. మరీ దూరం వద్దనుకుంటే 2015లో వచ్చిన సైన్సు విద్యా పరిశోధన సంస్థ ఐసర్ తిరుపతిలోనే ఉంది. రాయలచెరువు స్టేషను మీదుగా పోయే పట్టాలు తిరుపతి పక్కనున్న రేణిగుంటకే చేరతాయి. ప్రయోగశాలకు చేరాక పిపెట్ పట్టుకోవడం రాక మొదటి వారం చేతులు వణుకుతాయి. రెండో వారానికి అలవాటవుతుంది.

మొదలుపెట్టడానికి కోన ఉప్పలపాడు చాలు. లెక్చరర్ వెంట నలుగురు పిల్లలు, నాలుగు హెల్మెట్లు, ఒక పొడవాటి టేపు, ఒక నోటుబుక్కు. టార్చిలు మాత్రం మంచివి కొనాలి.