గరిటె గుంటలో నునుపు

నెల్లూరునకు వాయవ్యముగా సుమారు 100 కిలోమీటర్ల దూరమున ఉదయగిరి ఉన్నది. ఆ ఊరి కొయ్య గరిటెలు, చెంచాలు, ముళ్ళ చెంచాలు పేరుపొందినవి. 2015లో వీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. దుర్గము కొండల మీది నర్ది, బిక్కి, దేవదారి వంటి గట్టి కొయ్యలతో వీనిని చేయుచున్నారు. (ఈ దేవదారి హిమాలయములలోని దేవదారు కాదు; మెట్ట అడవులలో పెరుగు చిన్న చెట్టు.) పనిలో చాల భాగము స్త్రీలు ఇంటివద్దనే ఆకురాళ్ళతో చేయుదురు.

గరిటె కాడను నునుపు చేయుట సులభము. చిక్కంతయు గుంటలోను, ముళ్ళ చెంచా పండ్ల సందులలోను ఉన్నది. అచట గరుకు మిగిలినచో అందము చెడుటతో పోదు. చీలిన నారల నడుమ నేయి, పులుసు చేరును. తడి ఆరక బూజు పట్టును. అట్టి చెంచాను కొన్నవారు రెండవసారి నోట పెట్టుకొనరు, మరియొకటి కొనరు. చేసినవారి కూలి ఆ అంగుళము మేర నునుపు మీదనే ఆధారపడి యున్నదనవచ్చును.

చిత్రిక గుంటలోనికి దిగదు. గరుకు కాగితము ఎటైనను వంగును గదా, వ్రేలితో అదిమి రుద్దిన చాలదా? చాలదు. (వడ్రంగులు దీనిని ఉప్పుకాగితమందురు గాని ఇందులో ఉప్పు లేదు.) కొయ్యలో మెత్తని పాళ్ళును, గట్టి పాళ్ళును ప్రక్కప్రక్కనే యుండును. వ్రేలి కండ మెత్తని పాళ్ళలోనికి ఒదిగి వానిని ఎక్కువగా అరగదీయును. చేతికి నున్నగా తగిలినను ఉపరితలము అలలు అలలుగా తయారగును. పోనీ, కాగితమును చదునైన చెక్కకు చుట్టినచో, అది గుంటను తన రెండు అంచుల వద్ద మాత్రమే తాకును. వైశాల్యము తగ్గిన కొలది పీడనము హెచ్చునని విద్యార్థులు చదివియే యుందురు. బలమంతయు రెండు సన్నని గీతలపై పడి గాట్లు ఏర్పడును.

కావున కాగితము వెనుక ఆధారముగా నుంచు వస్తువు గట్టిగా నుండవలెను. దాని వ్యాసార్ధము గుంట వ్యాసార్ధము కంటె ఇంచుక తక్కువ కావలెను. గుంటది 20 మిల్లీమీటర్లైనచో ఆధారమునకు 17 లేక 18 సరిపోవును. తగిన పరిమాణము గల గట్టి రబ్బరు బంతిని సగము కోసి వాడవచ్చును. అయితే చదునైన కాగితము గోళముపై ముడుతలు లేకుండ పరచుకొనదు. భూమి పటములు గీయువారు తలక్రిందుగా ఎదుర్కొను చిక్కే ఇది. కాగితమును పూరేకులవలె చీల్చి అంటించినచో ముడుతలు పడవు.

పండ్ల సందులకు వెదురు పుల్లపై కాగితము అంటించిన చాలును. పుల్లయు దూరని చోట కాగితము వెనుక గుడ్డ అంటించి, సన్నని పట్టీగా కోసి, సందులోనుండి కవ్వపు త్రాడువలె ఇటునటు లాగవలెను. త్రాడు ఏటవాలుగా లాగినచో సందు అంచులు గుండ్రమగును. తిన్నగా లాగుటయే నేర్పు. రంధ్రములకు పెన్సిలు చుట్టూ చుట్టిన కాగితము చాలును.

కాగితము సంఖ్య పెరిగిన కొలది రేణువు చిన్నదగును. 80వ సంఖ్య కాగితముపై రేణువు సగటున 0.2 మిల్లీమీటరు, 120పై 0.125, 240పై సుమారు 0.06. ప్రతి కాగితమును ముందటిది మిగిల్చిన గీతలను తీసివేయుటకే వాడుదురు. 80 నుండి ఒక్కసారిగా 240కి దుమికినచో లోతైన గీతలు అట్లే నిలుచును. నార వెంబడి పడిన గీత కంటికి ఆనదు. అడ్డముగా పడినది కొట్టవచ్చినట్లు కనబడును.

గాజు పొడి అద్దిన కాగితమును లండనులో జాన్ ఓకీ 1833లో తయారుచేయ నారంభించెను. అంతకు పూర్వము ఆకులు, చేపతోళ్ళు ఈ పని చేసినవి. బరివెంక ఆకుతో మన దేశమున కొయ్యను, దంతమును మెరుగుపెట్టెడివారు. పారిజాతపు ఆకుపై వ్రేలు రాచినను ఆ గరుకు తెలియును. లేత ఆకు చిరుగును, ముదురాకు మేలు. ఎట్టి వంపులోనికైనను ఒదుగుట ఆకు సుగుణము. తీరమున దొరకు సొరచేప చర్మముపై పంటివంటి సూక్ష్మమైన పొలుసులుండును: తలనుండి తోకవైపు నిమిరినచో నునుపు, ఎదురు నిమిరినచో గరుకు. నేడు కొన్ని సొరలు, టేకుచేపలు చట్టరక్షణ పొందినవి కనుక తోలు కొరకు వానిని పట్టరాదు.

పాఠశాలలో పనిచేయించునపుడు ఉపాధ్యాయులు ధూళి విషయమున జాగ్రత్త వహించవలెను. కొయ్యధూళి మానవులలో క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో వర్గీకరించినది. ముక్కునకు తగిన ముసుగు ధరించి, ఆరుబయట గాలివాలున కూర్చుండి రుద్దుట మంచిది.

తుదకు చెంచాను తడిపి ఆరబెట్టవలెను. రాపిడికి అణగియున్న నారలు నీరు పీల్చి నూగువలె లేచును. ఆ నూగును సన్నని కాగితముతో తేలికగా తీసివేసి, మరల తడిపి చూచి, లేవనంత వరకు ఇట్లే చేయుదురు. అటుపిమ్మట చీకటి గదిలో దీపమును ప్రక్కగా పట్టి గుంటలోనికి చూడవలెను. మిగిలిపోయిన గీత యున్నచో దాని నీడ కనబడును.