మీకు తెలుసా? సెరెస్ మీద మెరిసింది ఉప్పు!

2015లో నాసా డాన్ నౌక మరుగుజ్జు గ్రహం సెరెస్‌ను సమీపిస్తూ పంపిన ఫొటోల్లో, నల్లటి నేల మీద రెండు తెల్లటి మచ్చలు తళుక్కుమన్నాయి. మంచు అన్నారు కొందరు, ఉప్పు అన్నారు ఇంకొందరు. గ్రహాంతరవాసుల దీపాలన్నవాళ్లకూ కొదవ లేదు! అంత దూరం నుంచి తీసిన ఫొటో చూసి తేల్చడం కష్టమే. చుట్టూ నేల కనబడేలా ఎక్స్‌పోజర్ పెడితే, మచ్చలో వివరమంతా తెలుపులో కొట్టుకుపోతుంది. గుట్టు విప్పింది పరారుణ వర్ణపటమాపకం: 92 కిలోమీటర్ల వెడల్పున్న ఆకేటర్ బిలంలోని ఆ మచ్చల్లో ఉన్నది ప్రధానంగా సోడియం కార్బొనేట్, అంటే మన వాషింగ్ సోడా. లోపలి ఉప్పునీరు పైకి ఉబికి, నీరు ఎగిరిపోగా మిగిలిన పొర అది. 2018లో డాన్ 35 కిలోమీటర్ల ఎత్తుకు దిగి తీసిన ఫొటోల్లో అక్కడి పగుళ్లు కూడా స్పష్టంగా కనిపించాయి.