2.5 టీఎంసీల్లో చేపకు వాటా ఎంత?

కూసుమంచి మండలంలోని పాలేరు జలాశయం గురించి అక్కడ ఎవరిని అడిగినా మొదట వచ్చే అంకె 23. నిండితే 23 అడుగులు. అప్పుడు అందులో ఉండే నీరు 2.5 టీఎంసీలు, పరుచుకునే మేర 1,748 హెక్టార్లు. ఈ రెండింటినీ భాగిస్తే ఇంకో అంకె తేలుతుంది. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు కాబట్టి, నిండు పాలేరు సగటు లోతు 4 మీటర్లు, అంటే దాదాపు 13 అడుగులు. చేపల సంగతి ఆలోచించేవారికి 23 కన్నా ఈ 13 ముఖ్యం.

లోతు తక్కువగా, విస్తీర్ణం ఎక్కువగా ఉన్న చెరువులో మట్టం నాలుగడుగులు పడితే ముందు ఎండేది అంచులే. నాచు, తుంగ, మెత్తటి బురద ఉండేవి ఆ అంచుల్లోనే. 2016 నుంచి తెలంగాణ రాష్ట్ర చేపగా ఉన్న కొర్రమీను గూడు కట్టేది లోతు నీళ్లలో కాదు, గట్టు పక్కన గడ్డిలో. గుడ్లు పొదిగి పిల్లలు ఈదేదాకా తల్లీతండ్రీ అక్కడే కాపలా ఉంటాయి. ఆ వారాల్లో నీరు దిగిపోతే గూడు ఒడ్డున పడుతుంది. నత్తలు ఏరుకు తినే కొంగలకు తిండి దొరికేదీ ఆ చిత్తడి అంచుల్లోనే. 2.5 టీఎంసీల్లో పావు వంతు తగ్గిందని నీటి లెక్క చెబుతుంది. బతుకు లెక్కలో పోయింది పావు వంతేనా అన్నది వేరే ప్రశ్న. దాన్ని ఎవరో ఒకరు కొలవాలి.

పాలేరు మట్టం వానలు ఒక్కటే తేల్చేది కాదు. ఇది నాగార్జునసాగర్ ఎడమ కాలువకు, అంటే లాల్‌బహదూర్ కాలువకు, మధ్యలో ఉన్న సర్దుబాటు జలాశయం. సాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. ఇక్కడి నుంచి ఆయకట్టుకు నీరు వెళ్తుంది. 2017లో మొదలైన భక్త రామదాసు ఎత్తిపోతల సుమారు 60 వేల ఎకరాల కోసం ఇక్కడి నుంచే తోడుతుంది. మిషన్ భగీరథ తాగునీరూ ఇక్కడిదే. వీటన్నిటికీ క్యూసెక్కుల్లో లెక్కలున్నాయి, గేట్లున్నాయి, రిజిస్టర్లున్నాయి. చేపకు మాత్రం ఉన్న లెక్క ఒక్కటే: ఎన్ని పిల్లలు వదిలాం.

ఈ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పుకోవాలి, ఎందుకంటే అది చిన్న విజయం కాదు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వానకాలంలో కొత్త నీరు ఉరికినప్పుడు ఎదురెక్కి పెడతాయి. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి హార్మోన్ సూదితో ఈ కోవ చేపల చేత నిలవ నీటిలోనే గుడ్లు పెట్టించారు. దేశంలో మంచినీటి చేపల పెంపకం నిలబడింది ఆ సూది మీదే. 2016 నుంచి తెలంగాణలో సర్కారు ఉచితంగా ఇస్తున్న చేపపిల్లలకు దారి వేసిందీ అదే. చిన్న కుంటలకు 35–40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీరుండే జలాశయాలకు 80–100 మిల్లీమీటర్ల పిల్లలు. మత్స్యకార సంఘాల ఇళ్లలో దీనివల్ల పొయ్యి వెలుగుతోంది. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

అయితే వదిలిన పిల్లలు పెరగడం ఒకటి, జలాశయంలో జాతి నిలబడటం మరొకటి. నీలకంఠ రొయ్యనే చూడండి. పాలేరు రొయ్యకు మార్కెట్లో పేరుంది. కానీ ఆ రొయ్య గుడ్డు లార్వాగా మారాక బతకాలంటే ఉప్పు కలిసిన నీరు కావాలి. నదిలో పెరిగిన తల్లి రొయ్య అందుకే నది సముద్రంలో కలిసే చోటి దాకా దిగిపోతుంది. పాలేరు నుంచి కృష్ణకు, కృష్ణ నుంచి సముద్రానికి మధ్య 1957 నాటి ప్రకాశం బ్యారేజీ కూడా ఉంది. కాబట్టి ఇక్కడి రొయ్య ప్రతి ఏడూ హ్యాచరీ నుంచి రావలసిందే, ఒక ఏడు రాకపోతే లేనట్టే. మలుగుపాముది దీనికి తిరగేసిన కథ: అది పెరిగేది ఏరులో, గుడ్లు పెట్టేది సముద్రంలో. దానికి హ్యాచరీ కూడా లేదు. దారి మూస్తే జాతే పోతుంది.

దారి ఎలా మూసుకుపోతుందో గోదావరి మనకు బాగా చూపించింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. వరదల్లో సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఎదురెక్కే పులస ఇప్పుడు ఎక్కువగా దొరికేది దాని దిగువనే. అక్కడి నుంచి 42 కిలోమీటర్ల ఎగువన ఉన్న పోలవరం స్పిల్‌వేలో బారక్‌పూర్‌లోని కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ సలహాతో చేపల నిచ్చెన పెట్టారు. మంచి పని. కానీ రెండో గడప దగ్గర మెట్లు కట్టేటప్పుడు మొదటి గడప సంగతేమిటన్న ప్రశ్న రావాలి. ఒక్కో ఆనకట్టను విడిగా చూసినంతకాలం ఈ ప్రశ్న ఎవరి ఫైలులోనూ ఉండదు.

అమెరికా వాయవ్యంలో కొలంబియా నది మీద ఈ పాఠం చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నారు. డ్యాములకు ముందు ఏటా 1 కోటి నుంచి 1.6 కోట్ల సాల్మన్ చేపలు సముద్రం నుంచి ఆ నదిలోకి వచ్చేవని అంచనా. 1970ల చివరికి అది 25 లక్షలకు పడిపోయింది. 1980లో అక్కడి పార్లమెంటు చట్టం చేసింది. జలవిద్యుత్తు అమ్మిన డబ్బులోంచే చేపలకు, అడవి జంతువులకు ఖర్చు పెట్టాలని అందులో ఉంది. తర్వాత నదిని దాదాపు 60 చిన్న పరీవాహకాలుగా విడదీసి, 2004, 2005ల్లో ప్రతి దానికీ ప్రణాళిక రాశారు. ఏం బతుకుతోంది, ఇప్పటికే ఏం చేస్తున్నాం, ఇకమీద ఏం చేయాలి అన్న మూడు భాగాలు అందులో ఉంటాయి. చేపలన్నీ తిరిగి వచ్చాయా అంటే, రాలేదు. 50 లక్షల లక్ష్యం ఇంకా అందలేదు. కానీ 1938 నుంచి బోనవిల్ డ్యామ్ నిచ్చెన ఎక్కే చేపలను లెక్కపెడుతున్నారు కాబట్టి ఎంత వెనకబడ్డామో వాళ్లకు తెలుసు.

అలాంటి ప్రణాళికకు మన దగ్గర మొదటి అడుగు ఎంత నీటితో పడుతుందో ఒక లెక్క చూద్దాం. జలాశయం దిగువన పాలేరు వాగు జగ్గయ్యపేట వైపు సాగి కృష్ణలో కలుస్తుంది. ఎండకాలంలో వాగు మడుగులు ఎండిపోకుండా ఫిబ్రవరి నుంచి మే దాకా, అంటే 120 రోజులు, 10 క్యూసెక్కులు వదిలామనుకోండి. మొత్తం 0.104 టీఎంసీ. నిండు పాలేరులో 4 శాతం. 1,748 హెక్టార్ల మీద పరిస్తే 17 సెంటీమీటర్లు, జానెడు కూడా కాదు. నిజంగా కావలసింది 10 క్యూసెక్కులా, 5 చాలా, 30 కావాలా అన్నది వాగులో దిగి మడుగులు కొలిచి తేల్చాలి. కొలవకముందే ‘చేపలకిచ్చేంత నీరెక్కడిది’ అనేస్తే మాత్రం ఒప్పుకోలేం. అది జానెడు లోపు నీటి సంగతి కావచ్చు.

నీరెంత అన్నదానితో పాటు ఎప్పుడన్నది కూడా ప్రణాళికలో ఉండాలి. పాల్వంచ దగ్గరి కిన్నెరసాని చూడండి. 407 అడుగుల మట్టం, 8.4 టీఎంసీల జలాశయం, చుట్టూ 635 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. అందులో మొసళ్లున్నాయి. మన మంచినీటి మొసలి ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య ఒడ్డున గుంట తవ్వి గుడ్లు పెడుతుంది, రెండు నెలల తర్వాత పిల్లలు వస్తాయి. ఆ రోజుల్లో మట్టం హఠాత్తుగా పెరగకూడదు. కొర్రమీనుకు వానకాలంలో మట్టం హఠాత్తుగా తగ్గకూడదు. బొచ్చెకు జులైలో ఎగువ వాగు పారాలి, అలుగు దగ్గర ఎదురెక్కే తల్లి చేపల మీద వల పడకూడదు. ఈ తేదీలన్నీ గేటు దగ్గరి ఉద్యోగి గోడ మీద ఒకే క్యాలెండరుగా ఉండాలి. దానికి కోట్లు అక్కర్లేదు.

ఇంతలో పాలేరుకు ఇంకో నీరు రాబోతోంది. 2024 ఆగస్టు 15న పంపులు ప్రారంభించిన సీతారామ ఎత్తిపోతల, దుమ్ముగూడెం దగ్గరి గోదావరిని పాలేరు దాకా తేవాలన్న ప్రణాళికతో కట్టినది. రైతుకు అది అవసరమే. కానీ కృష్ణ చేపలు, గోదావరి చేపలు ఒకే చెరువులో కలవడం ప్రకృతిలో జరిగేది కాదు. నీటితో పాటు జబ్బులూ వస్తాయి, పరాయి చేపలూ వస్తాయి. అక్వేరియాల నుంచి తప్పించుకుని మన చెరువుల్లో వలలు చింపుతున్న దెయ్యం చేప దానికి ఉదాహరణ. నీటిలోని డీఎన్‌ఏ జాడతో దాని ఉనికి పట్టే పరీక్షను హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తయారుచేశారు. పాలేరు ఊళ్లోనే వెటర్నరీ విశ్వవిద్యాలయం వారి మత్స్య పరిశోధన కేంద్రం ఉంది. గోదావరి నీరు ఇక్కడ తాకకముందే జలాశయంలో, ఎగువ వాగులో, ఎడమ కాలువలో, దుమ్ముగూడెం ఎగువన నీటి నమూనాలు తీసి ఏ చేపలున్నాయో రాసి పెట్టుకోవాలి. రెండు నదులూ కలిశాక ఆ జాబితా ఎవరూ తయారుచేయలేరు.